ముప్పై ఒక్క మందిమి, ఒకటే ఇల్లు: క్రిస్మస్ సాయంత్రం అందరూ కలిసి ఆడే ఆటలు చెప్పండి

నల్గొండ_పెద్దకోడలు | డిసెంబర్ 8, రాత్రి 10:40

అందరికీ వందనాలు. ఈసారి క్రిస్మస్ మా ఇంట్లోనే. పాలమూరు నుంచి మా పెద్ద ఆడపడుచు వాళ్ళు, హైదరాబాద్ నుంచి మరిది వాళ్ళు, మిర్యాలగూడ నుంచి చిన్నత్తయ్య వాళ్ళు వస్తున్నారు. మొత్తం ముప్పై ఒక్క మందిమి. ఎనభై రెండేళ్ళ నాయనమ్మ నుంచి నాలుగేళ్ళ మా చిన్నోడి దాకా.

ఏటా జరిగేది చెప్తాను. చర్చి నుంచి వచ్చేసరికి పన్నెండున్నర. బగారన్నం, మటన్, గరిజెలు తిని లేచేసరికి మూడు. ఆ తర్వాత మగవాళ్ళు వరండాలో ఫోన్లు పట్టుకుంటారు. పిల్లలు మిద్దె ఎక్కుతారు. కోడళ్ళం ఆరుగురం గిన్నెల దగ్గర. నాయనమ్మ మంచం మీద ఒక్కతే. సాయంత్రం కేక్ కోసి ఫోటో దిగి ఎవరి బండి వాళ్ళు ఎక్కుతారు. ఏడాదికి ఒక్కసారి కలుస్తాం, నాలుగు మాటలు కూడా మాట్లాడుకోకుండా వెళ్ళిపోతున్నాం. అది నాకు చాలా బాధ.

పోయినేడు తంబోలా (ఒకరు అంకెలు పిలుస్తుంటే టికెట్ మీద చూసుకునే ఆట) పెట్టాం, టికెట్ ఇరవై రూపాయలు. టికెట్లోని అంకెలన్నీ వచ్చేశాయని, అంటే ఫుల్ హౌస్ అని, ఇద్దరు ఒకేసారి అన్నారు. నేను ముందంటే నేను ముందు. మాటా మాటా పెరిగి మా చిన్నమామయ్య కేక్ ముట్టకుండా చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. తర్వాత ఆర్నెల్లు ఫోన్ లేదు. ఈసారి వస్తానన్నారు. అందుకే ఇంత టెన్షన్.

నాకు కావలసింది డబ్బుతో పని లేని ఆటలు. నాయనమ్మకు మోకాళ్ళ నొప్పి, చెవులు కూడా సరిగ్గా వినపడవు. ఆమె కూడా ఆడాలి. పక్కింటి వాళ్ళు వస్తారు, వాళ్ళు చర్చికి వెళ్ళేవాళ్ళు కాదు, వాళ్ళకు బెరుకు ఉండకూడదు. కోడళ్ళు కూడా ఆడాలి. చేసి చూసినవి చెప్పండి, దండం పెడతాను.

సూర్యాపేట_బావ | డిసెంబర్ 8, రాత్రి 11:15

చెల్లెమ్మా, తంబోలా మానకండి. తప్పు ఆటది కాదు, ముందే రూలు చెప్పుకోకపోవడం. మా ఇంట్లో పదకొండేళ్ళుగా ఆడుతున్నాం, ఒక్క గొడవ లేదు.

టికెట్ మీద మూడు వరసలు, తొమ్మిది నిలువు గళ్ళు, వరసకు ఐదు చొప్పున పదిహేను అంకెలు. ఇంతమంది ఆడితే ఇద్దరికి ఒకే అంకె మీద పూర్తవడం మామూలే. అందుకే ఆట మొదలుకాకముందే గట్టిగా చెప్పండి: ఎవరు క్లెయిమ్ చేసినా అప్పుడే పిలిచిన అంకె మీదే చేయాలి, తర్వాతి అంకె పిలిచాక చెల్లదు. ఇద్దరు అంటే ఇద్దరికీ ప్రైజు. ఎవరు ముందు అన్నారనే లెక్కే లేదు. అందుకని ప్రతి ప్రైజూ రెండేసి కొని ఉంచుతాం. స్టీలు డబ్బా, టీ జల్లెడ, దువ్వెన, రెండు సబ్బులు, ఇలాంటివి. ఇంట్లో పనికొచ్చే వస్తువైతే గెలిచిన మనిషి ఏడాది పొడుగునా తలచుకుంటుంది.

పెన్నులు ఇవ్వకండి. గుప్పెడు చింతగింజలు ఇవ్వండి. అంకె వచ్చినప్పుడు గింజ పెడితే చాలు, టికెట్ పాడవదు, మళ్ళీ ఆట ఆడొచ్చు. చూపు ఆనని వాళ్ళకు చార్ట్ మీద పెద్ద టికెట్ రాసి పక్కన ఒక పిల్లను కూర్చోబెట్టండి.

ఈ ఆట ఇటలీలో నేపుల్స్ వైపు క్రిస్మస్‌కు ఇళ్ళల్లో ఆడే ఆట, అక్కడా 90 అంకెలే. ఒక్కో అంకెకు వాళ్ళొక పేరు పెట్టుకున్నారు. 33 అంటే క్రీస్తు వయసు. అది తెలిసినప్పటి నుంచి మేమూ పెట్టుకున్నాం. 12 శిష్యులు, 25 క్రిస్మస్, 26 సాగర్ డ్యామ్ గేట్లు, 40 ఉపవాస దినాలు. 66 వస్తే 'బైబిలు' అంటాం, అందులో పుస్తకాలు అన్ని కాబట్టి. మా క్యాథలిక్ వదిన మాత్రం మా బైబిలు 73 అంటుంది. రెండూ పెట్టుకున్నాం. మీరు 82ను నాయనమ్మ అనండి.

ఇంకొకటి, మీ చిన్నమామయ్యనే అంకెలు పిలిచే మనిషిగా పెట్టండి. ముందు రోజే ఫోన్ చేసి 'మీ గొంతైతేనే అందరికీ వినిపిస్తుంది మామయ్యా' అని అడగండి.

పాలమూరు_పిల్ల | డిసెంబర్ 9, ఉదయం 7:05

ఆ చివరి మాట బంగారం బావా.

దేవరకొండ_అక్క | డిసెంబర్ 9, ఉదయం 11:30

ఆటల పేర్లు తర్వాత. ముందు గిన్నెల సంగతి తేల్చండి. గిన్నెలు అట్లాగే ఉంటే కోడళ్ళు ఆటకు రారు. పిలిస్తే వచ్చి కూర్చుంటారు, మనసు మాత్రం వంటింట్లోనే ఉంటుంది. నేను ఇరవై ఏళ్ళు అట్లాగే కూర్చున్నాను.

మా ఇంట్లో మొదటి ఆటే గిన్నెల చీటీ. భోజనం అయిన వెంటనే, ఎవరూ లేవకముందే. పద్దెనిమిది దాటిన వాళ్ళందరి పేరున చీటీలు. పొద్దున వండిన వాళ్ళు ఇందులో ఉండరు, వాళ్ళ పని అయిపోయింది. చీటీల మీద 'గిన్నెలు', 'ఊడ్చుడు', 'చాయ్', 'నీళ్ళు పట్టుడు', 'పిల్లల్ని చూసుడు' అని ఉంటాయి. మూడు నాలుగింటి మీద మాత్రం 'కూర్చుని పాట పాడు' అని ఉంటుంది. అందుకని ఎవరికి ఏం వస్తుందోనని అందరూ ఎగబడి తీస్తారు. మొదటి ఏడు మా మరిదికి గిన్నెలు వచ్చినప్పుడు మా అత్తమ్మ 'వాడెందుకు, నేను కడుగుతా' అని లేచింది. ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. ఇప్పుడు ఆమే చీటీలు పంచుతుంది.

తినడానికి మోదుగాకు విస్తర్లు పెట్టండి, సగం పని తగ్గుతుంది. నాలుగున్నరకల్లా ఆట మొదలుపెట్టొచ్చు.

జడ్చర్ల_మాస్టారు | డిసెంబర్ 9, రాత్రి 9:20

అక్క చెప్పిన మాట నూటికి నూరు పాళ్ళు నిజం. నేను సండే స్కూల్లో పాతికేళ్ళుగా పిల్లలతో ఆడిస్తున్నాను. నా అనుభవంలో తేలింది ఒకటే: ఇంట్లో 'ఔట్' అయ్యే ఆటలు పెట్టకూడదు. కుర్చీలాటలో ముందు ఔటయ్యేది ముసలివాళ్ళు, చిన్నపిల్లలు. మనం ఎవరికోసం ఆట పెట్టామో వాళ్ళే మొదటి ఐదు నిమిషాల్లో గోడ పక్కన నిలబడతారు. తప్పు చెప్తే పాయింటు పోవాలి గానీ మనిషి పోకూడదు.

అందుకే జట్లు చేయండి. ఇంటివారీగా వద్దు, హైదరాబాద్ వాళ్ళంతా ఒక జట్టయితే మళ్ళీ అదే గోడ. చీటీలు తీయించి నాలుగు జట్లు: కృష్ణ, మూసీ, తుంగభద్ర, డిండి. మన నీళ్ళే కదా. ముప్పై మందికి జట్టుకు ఏడెనిమిది మంది వస్తారు, మీరు ఆడించే మనిషి.

ఇక క్విజ్. క్రిస్మస్ క్విజ్ అనగానే పక్కింటి వాళ్ళు వెనక్కి జరుగుతారు, మాకేం తెలుసని. కానీ తెలుసనుకునే వాళ్ళే తప్పు చెప్పే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. అప్పుడు అందరూ సమానమే. నేను వాడేవి రాస్తున్నాను. అవును అయితే కుడిచెయ్యి, కాదు అయితే ఎడమచెయ్యి ఎత్తాలి. లేచే పని లేదు.

పుట్టిన యేసును చూడ్డానికి వచ్చిన జ్ఞానులు ముగ్గురని బైబిలు చెప్తుందా? అందరూ కుడిచెయ్యి ఎత్తుతారు. మత్తయి సువార్త రెండో అధ్యాయంలో 'తూర్పు దేశపు జ్ఞానులు' అనే ఉంది, ఎంతమందో లేదు. కానుకలు మాత్రం మూడు: బంగారం, సాంబ్రాణి, బోళం (వాసన వచ్చే చెట్టు బంక). ఆ లెక్కతోనే మనం ముగ్గురిని చేశాం.

జ్ఞానులు పశువుల పాకకు వచ్చారా? 'ఇంటిలోనికి వచ్చి' అని ఉంది. పశువుల తొట్టి దగ్గరికి వచ్చింది గొర్రెల కాపరులు, అది లూకాలో.

మరియమ్మ గాడిద మీద బేత్లెహేముకు వెళ్ళిందని రాసి ఉందా? లేదు. జనన వృత్తాంతంలో గాడిద ఊసే లేదు. సత్రం యజమాని తలుపు వేశాడా? ఆయనా లేడు. 'సత్రములో వారికి స్థలము లేనందున' అన్న ఒక్క మాటే. మనం ఏటా నాటకంలో ఒక పిల్లవాడికి తలపాగా చుట్టి ఆ వేషం ఇస్తాం. నేనే ఇచ్చాను ఎన్నోసార్లు.

నాలుగు సువార్తల్లోనూ ఈ కథ ఉందా? మత్తయి, లూకాలోనే ఉంది.

తర్వాత బైబిలుతో సంబంధం లేనివి కలపండి. శాంటా తాత కథకు మూలమైన నికొలస్ బిషప్‌గా ఉన్న మైరా ఇప్పుడు ఏ దేశంలో ఉంది? టర్కీలో. అచ్చేసిన మొదటి క్రిస్మస్ కార్డు ఎక్కడ వచ్చింది? లండన్‌లో, 1843లో. మెదక్ చర్చిని ఆరాధనకు తెరిచిన రోజు? 1924 డిసెంబర్ 25. మెదక్ మన జిల్లా కాదు గానీ ఇక్కడ చూడని ఇల్లు అరుదు కాబట్టి ఏదో ఒక పెద్దాయన తప్పకుండా చెప్తారు. చెప్పాక ఆయన చూసిన రోజు సంగతి కూడా అడగండి. ఆట ఐదు నిమిషాలు ఆగినా పర్వాలేదు.

పాలమూరు_పిల్ల | డిసెంబర్ 9, రాత్రి 10:02

మాస్టారూ, సత్రం యజమాని లేడా! నేను వెంటనే బైబిలు తీసి చూశాను. నిజమే.

నా వంతుగా మూగసైగల ఆట చెప్తాను. సినిమా పేర్లతో ఆడితే కాలేజీ పిల్లలే గెలుస్తారు. మేము సామెతలతో ఆడతాం. 'ఆడలేక మద్దెల ఓడు', 'అందని ద్రాక్ష పుల్లన', 'కుక్క తోక వంకర', 'ఇంట్లో ఈగల మోత బయట పల్లకీల మోత' ఇలాంటివి చీటీల మీద రాయాలి. సైగ చేసేది పిల్లలు, చెప్పేది పెద్దలు. పిల్లలకు సామెత తెలియదు, చీటీలో ఉన్న మాటను ఉన్నట్టు చేసి చూపిస్తారు. మా తమ్ముడి కొడుకు మద్దెలను చూపించడానికి బియ్యం డబ్బాను ఒళ్ళో పెట్టుకుని కొట్టి, పగిలినట్టు పక్కన పడేసి, తలపట్టుకున్నాడు. మూలన కూర్చున్న మా అమ్మమ్మ ఒక్కసారిగా సామెత మొత్తం చెప్పేసింది. వాడు వెళ్ళి ఆమె ఒళ్ళో పడ్డాడు.

సరిగ్గా వినపడకపోయినా ఈ ఆటకు అడ్డం లేదు. కళ్ళు చాలు. రెండో విడతకు బైబిలు మనుషులు పెట్టుకోవచ్చు: చెట్టెక్కిన జక్కయ్య, చేప కడుపులో యోనా, ఓడ కడుతున్న నోవహు.

నల్గొండ_పెద్దకోడలు | డిసెంబర్ 10, మధ్యాహ్నం 2:15

గిన్నెల చీటీ చదివి మా తోడికోడలికి పంపించాను. 'అక్కా, ఇది ఒక్కటి జరిగితే చాలు, ఇంకే ఆటా వద్దు' అంది.

నాయనమ్మ సంగతి మాత్రం ఇంకా తెగలేదు. ఆమె ఎప్పుడూ 'నాకెందుకే, మీరు ఆడుకోండి' అంటుంది. పక్కన పిల్లను పెట్టి ఆడిస్తే ఆడేది ఆ పిల్లే అవుతుంది. ఆమె సొంతంగా ఆడి గెలిచే ఆట ఏదైనా ఉందా?

వనపర్తి_వదిన | డిసెంబర్ 10, రాత్రి 8:50

ఉంది. వాసన మూటలు.

పాత పంచె గుడ్డ అరచేతి అంత ముక్కలు చేసి ఒక్కో ముక్కలో ఒక్కో దినుసు వేసి దారంతో మూట కట్టండి. వాము, జీలకర్ర, సోంపు, మెంతులు, ధనియాలు, యాలకులు, లవంగాలు, దాల్చినచెక్క, జాజికాయ, ఇంగువ, శొంఠి, పసుపు కొమ్ము. పన్నెండు. ప్రతి మూటకు నంబరు కట్టండి. మూట విప్పకూడదు, వాసన చూసి, వేళ్ళతో తడిమి చెప్పాలి. గట్టిగా కనిపించే జాజికాయ, పసుపు కొమ్ము వంటివాటిని దంచి కట్టండి, లేకపోతే తడిమితేనే తెలిసిపోతాయి. మిరియాలు, కారం మాత్రం పెట్టకండి, దమ్ము (ఆయాసం) ఉన్నవాళ్ళకు ఇబ్బంది.

జట్టుకు ఒకరు రావాలి. పైకి చెప్పకుండా పలక మీద రాయాలి. రాయడం రాని వాళ్ళు పక్కవాళ్ళ చెవిలో చెప్పొచ్చు.

మా అవ్వకు తొంభై దాటాయి అప్పటికి. మూట ముక్కు దగ్గర పెట్టుకోదు. ముందు బొటనవేలుతో రెండుసార్లు రుద్దుతుంది, ఆ వేలు వాసన చూస్తుంది, కళ్ళు మూసుకుని ఒక్క క్షణం ఆగుతుంది, చెప్తుంది. పన్నెండుకు పన్నెండు. ఇంజినీరింగ్ చదివే మా అమ్మాయి సోంపుకూ జీలకర్రకూ తేడా చెప్పలేకపోయింది. ఆ తర్వాత రెండు గంటలు పిల్లలు అవ్వను వదల్లేదు. ప్రసవమైన వాళ్ళకు వాము ఎట్లా ఇచ్చేవాళ్ళు, పంటి నొప్పికి లవంగం ఎక్కడ పెట్టాలి, అన్నీ అడిగారు. ఆమె పోయి మూడేళ్ళయింది. ఆ సాయంత్రం ఆమె చుట్టూ కూర్చున్న ఫోటోనే ఇప్పుడు మా హాల్లో ఉంది.

ఓపిక ఉంటే అష్టాచెమ్మా కూడా పెట్టండి. ఇంటూ గుర్తులతో ఐదు బై ఐదు గళ్ళు చాక్‌పీసుతో మంచం పక్కన బల్ల మీద గీస్తే చాలు. నాలుగు గవ్వలు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. ఇది ఆమెకు మనం నేర్పే పని లేదు, ఆమే మనకు నేర్పుతుంది.

జడ్చర్ల_మాస్టారు | డిసెంబర్ 10, రాత్రి 9:30

వదినా, ఆ మూటల్లో సాంబ్రాణి కూడా చేర్చండి. వీలైతే మూలికల దుకాణంలో బోళం అడగండి, దొరుకుతుంది. చిన్న ముక్క చాలు. ఏటా పిల్లలతో 'బంగారము, సాంబ్రాణి, బోళము' అని వల్లె వేయిస్తున్నాను, బోళం వాసన ఎట్లా ఉంటుందో నా క్లాసులో ఒక్కరికీ తెలియదు. ఈ ఆదివారం నేనే తీసుకెళ్తాను.

సాగర్_తమ్ముడు | డిసెంబర్ 11, ఉదయం 6:45

అన్నీ కూర్చుని ఆడేవే అయితే పదేళ్ళ పిల్లలు నిలవరు అక్కా. మధ్య మధ్యలో నిమిషం ఆటలు వేయండి. ఒక్కోటి ఒక్క నిమిషం, ఫోన్‌లో టైమర్.

కాగితం కప్పులు పది. కింద నాలుగు, ఆపైన మూడు, రెండు, ఒకటి. గోపురం కట్టి మళ్ళీ విప్పి ఒకదాంట్లో ఒకటి దొంతర పెట్టాలి. ఇది మగవాళ్ళకు పెట్టండి, ఫోన్లు వాటంతటవే కింద పెడతారు.

నుదుటి మీద బిస్కెట్ పెట్టుకుని చేతులు వాడకుండా ముఖం కదిలిస్తూ నోటి దాకా తెచ్చుకోవాలి. గుండ్రటి పల్చటి బిస్కెట్ తీసుకోండి, క్రీముది జారదు.

శాంటా గడ్డం: గడ్డానికి కొంచెం వ్యాజిలిన్ రాసుకుని పళ్ళెంలో ఉన్న దూదిని చేతులు తగలకుండా అంటించుకోవాలి. మామా అల్లుళ్ళను జంటగా పెట్టండి. దూది చిన్న ఉండలుగా కాకుండా పెద్ద ముక్కలుగా ఉండాలి, లేకపోతే పీల్చేటప్పుడు ముక్కులోకి పోతుంది.

కళ్ళకు గంతలు కట్టి గోడ మీది చెట్టు బొమ్మకు నక్షత్రం అతికించే ఆట చిన్నపిల్లలకు. పిన్ను వద్దు, టేప్ చాలు.

రెండు జాగ్రత్తలు. ఎవరు ఎక్కువ తింటారనే పందేలు పెట్టకండి. గులాబ్ జామ్ పందెంలో మా బాబాయికి షుగర్ పెరిగి పండగ రాత్రి ఆస్పత్రిలో గడిపాం. బెలూన్లు పగలగొట్టే ఆట చంటిపిల్లలున్న గదిలో వద్దు, పగిలిన ముక్కలు వెంటనే ఏరేయండి. వాళ్ళు నోట్లో పెట్టుకుంటారు.

హుజూర్‌నగర్_అన్న | డిసెంబర్ 11, రాత్రి 10:10

అంత్యాక్షరి ఎవరూ చెప్పలేదేంటి? క్యారల్స్‌కు తిరిగిన గొంతులన్నీ ఇంట్లోనే ఉంటాయి కదా.

కానీ మన పాటలతో ఆడితే ఒక చిక్కు. సగం పాటలు 'యేసయ్యా' అని ముగుస్తాయి. ప్రతిసారీ 'య' వస్తుంది, పది నిమిషాల్లో 'య'తో పాటలు అయిపోతాయి. మేము పెట్టుకున్న రూలు: చివరి మాట యేసయ్య, ప్రభువా, దేవా అయితే దాన్ని వదిలేసి ముందు మాటలోని చివరి అక్షరం తీసుకోవాలి. 'ణ' వస్తే 'న', 'ళ' వస్తే 'ల'. ఆ అక్షరాలతో తెలుగు పాట మొదలుకాదు కాబట్టి ముందే ఒప్పుకోవాలి. సంయుక్తాక్షరం వస్తే అందులో ఏ అక్షరమైనా సరే.

జానపదాలు, బతుకమ్మ పాటలు, సినిమా పాటలు అన్నీ చెల్లుతాయని చెప్పండి. అప్పుడు పక్కింటి వాళ్ళు కూడా గొంతు కలుపుతారు. పల్లవి రెండు పాదాలు పూర్తిగా పాడాలి, మొదటి మాట అని ఆపేస్తే పాయింటు లేదు. పెద్దవాళ్ళు ఎత్తుకుంటే పాట మొత్తం పాడనివ్వండి. మా పెద్దనాయన యాభై ఏళ్ళ కింద నేర్చుకున్న కీర్తన ఐదు చరణాలూ పుస్తకం లేకుండా పాడారు. గోడ గడియారం చప్పుడు కూడా వినిపించింది, అంత నిశ్శబ్దంగా విన్నాం.

హైదరాబాద్‌లో_గద్వాల్ | డిసెంబర్ 12, రాత్రి 11:00

మా ఆఫీసులో కానుకలు గుంజుకునే ఆట ఆడతాం. అందరూ తలా ఒక కానుక చుట్టి మధ్యలో పెట్టాలి. నంబరు ప్రకారం ఒక్కొక్కరు వచ్చి కొత్తది విప్పొచ్చు, లేదా ముందు విప్పిన వాళ్ళ చేతిలోది తీసుకోవచ్చు. ఒక కానుక మూడుసార్లు చేతులు మారితే ఇక దాన్ని ఎవరూ ముట్టరాదు. పెద్దవాళ్ళకు మంచి మజా.

దేవరకొండ_అక్క | డిసెంబర్ 13, ఉదయం 10:20

తమ్ముడూ, ఆఫీసులో బాగుంటుంది. ఇంట్లో వద్దు. మేము ఒకసారి ఆడాం. మా చెల్లెలు ఇష్టపడి విప్పుకున్న స్టీలు టిఫిన్‌ను పెద్ద వదిన తీసుకుంది. ఆటే అని అందరూ నవ్వారు. చెల్లెలు మూడు నెలలు అదే మాట ఎత్తింది. మన దగ్గర ఇచ్చింది తీసుకోవడం అంటే మనసుకు తగులుతుంది. అందులోనూ అలక తీరని ఇల్లు ఇది.

చీటీలు తీసి క్రిస్ మా, క్రిస్ చైల్డ్ ఆడండి. చీటీ తీసిన మనిషి క్రిస్ మా, చీటీలో పేరున్న మనిషి క్రిస్ చైల్డ్. డిసెంబర్ 15న పేర్లు తీస్తే పది రోజులు చాటుగా మంచి చేయాలి. ఒక మెసేజ్, ఒక చాక్లెట్, ప్రార్థన చేశానని ఒక మాట. క్రిస్మస్ రోజు ఎవరు ఎవరికో చెప్పుకుని కానుక ఇచ్చుకోవాలి.

హైదరాబాద్‌లో_గద్వాల్ | డిసెంబర్ 13, మధ్యాహ్నం 1:05

మీరు చెప్పింది ఒప్పుకుంటున్నాను అక్కా. అయితే కానుక ధరకు హద్దు పెట్టమనండి, నూట యాభై అనుకుందాం. లేకపోతే హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ళు వెయ్యి రూపాయలది తెస్తారు, ఊళ్ళో ఉన్నవాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. చేత్తో చేసినవి ఇంకా మంచిది. పోయినేడు నాకు మా పెద్దమ్మ చింతకాయ తొక్కు సీసా ఇచ్చింది. అంతకన్నా మంచి కానుక ఆ రోజు ఎవరికీ రాలేదు.

నల్గొండ_పెద్దకోడలు | డిసెంబర్ 14, రాత్రి 9:45

అందరి మాటలూ రాసుకున్నాను. గిన్నెల చీటీ, జట్లు, చెయ్యెత్తే క్విజ్, వాసన మూటలు, సామెతలు, మధ్యలో కప్పులూ బిస్కెట్లూ, చివర్లో తంబోలా. అంత్యాక్షరి రాత్రి మిద్దె మీద. క్రిస్ మా పేర్లు రేపు ఫోన్‌లో తీస్తాం.

చిన్నమామయ్యకు ఫోన్ చేశాను. అంకెలు పిలవమని అడిగాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత 'మైకు ఉందా?' అన్నారు.

సూర్యాపేట_బావ | డిసెంబర్ 14, రాత్రి 9:58

మైకు పెట్టించు చెల్లెమ్మా, ఎక్కడ దొరికితే అక్కడ తెప్పించు.

నల్గొండ_పెద్దకోడలు | డిసెంబర్ 26, రాత్రి 8:30

ఇప్పుడే చివరి బండి కదిలింది. అందరూ గుర్తొచ్చారు, అందుకే వెంటనే రాస్తున్నాను.

గిన్నెల చీటీ తీసేటప్పుడు నా గుండె కొట్టుకుంది. మా ఆయనకు 'ఊడ్చుడు' వచ్చింది. హైదరాబాద్ మరిదికి, పాలమూరు బావగారికి, చిన్నమామయ్యకు 'గిన్నెలు'. చిన్నమామయ్య ఏమంటారోనని అందరం చూశాం. ఆయన చొక్కా మడిచి, టవల్ నడుముకు చుట్టుకుని, బగారన్నం గంజు ముందు పీట వేసుకుని కూర్చున్నారు. అడుగంటిన మాడును ముందు వేడినీళ్ళు పోసి నానబెట్టాలని మరిదికి చెప్పారు. మేము ఆరుగురం కోడళ్ళం హాల్లో చాప మీద చాయ్ తాగుతూ ఆ చప్పుడు విన్నాం. పెళ్ళయి పద్నాలుగేళ్ళలో పండగ రోజు మూడున్నరకు నేను కూర్చుని చాయ్ తాగడం ఇదే మొదలు.

క్విజ్‌లో గాడిద ప్రశ్న దగ్గర పెద్ద గోల. ముగ్గురు బైబిళ్ళు తెచ్చి వెతికారు. పక్కింటి అక్క మాత్రం మొదటి నుంచీ ఎడమచెయ్యే ఎత్తి కూర్చుంది, డిండి జట్టును ఆమే గెలిపించింది.

వాసన మూటలు. వదినా, మీకు ఎట్లా చెప్పాలో తెలియడం లేదు. సాంబ్రాణి, బోళంతో కలిపి పద్నాలుగు కట్టాను. మరిది కూతురు నాకు చెప్పకుండా పదిహేనోది కట్టింది. పిజ్జాతో వచ్చే ఒరిగానో పొట్లం విప్పి వేసింది. నాయనమ్మ మంచం మీదే, దిండుకు ఆనుకుని. పద్నాలుగింటిలో పదమూడు చెప్పింది, బోళం ఒక్కటే ఎరగనంది. పదిహేనోది రెండుసార్లు వాసన చూసింది. మళ్ళీ రుద్దింది. 'వాము చుట్టమే కానీ వాము కాదు' అంది. ఫోన్‌లో చూస్తే రెండింట్లోనూ థైమాల్ అనే ఘాటు పదార్థం ఉంటుందట. పిల్లలు చప్పట్లు కొడితే ఆమెకు చప్పుడు వినిపించింది, నవ్వింది. ఆ తర్వాత సామెతల్లో కూడా 'నాకెందుకే' అనలేదు.

అన్నీ కుదరలేదు. శాంటా గడ్డం దగ్గర దూది ఇల్లంతా ఎగిరింది, నక్షత్రం ఆటలో మా చిన్నోడు గంతలు వద్దని ఏడ్చాడు. అంత్యాక్షరి మొదలుపెట్టేసరికి చలికి సగం మంది కిందికి దిగారు. దాన్ని సాయంత్రమే హాల్లో పెట్టాల్సింది.

తంబోలాలో బాటమ్ లైన్ (టికెట్ కింది వరస) మళ్ళీ ఇద్దరికి ఒకే అంకె మీద వచ్చింది. ఒక్క క్షణం ఇల్లంతా నిశ్శబ్దం. చిన్నమామయ్య మైకులో 'రెండు జల్లెళ్ళు పట్టుకురండి' అన్నారు. 82 వచ్చినప్పుడు 'మా అమ్మ' అన్నారు. ఆయన ఈసారి కేక్ రెండు ముక్కలు తిని, రాత్రి ఇక్కడే పడుకున్నారు.

వచ్చే ఏడు పాలమూరులో అని పెద్ద ఆడపడుచు చెప్పి వెళ్ళింది. వెళ్తూ ఆ మూటల సంచి, మైకు ఇచ్చిన వాళ్ళ నంబరు అడిగి తీసుకుంది.

వనపర్తి_వదిన | డిసెంబర్ 26, రాత్రి 9:10

కళ్ళ నీళ్ళు వచ్చాయి తల్లీ. ఆడపడుచుకు ఒక్క మాట చెప్పు, ఆ సంచి వచ్చే డిసెంబర్ దాకా దాచొద్దు. ధనియాలకు, సోంపుకు పురుగు పడుతుంది, దంచినవాటికి వాసన పోతుంది. ఇప్పుడే వంటలో వాడేసి, అప్పుడు కొత్తవి కట్టుకోమను. నాయనమ్మకు ఆ బోళం మూట ఒక్కటి ఇక్కడే ఉంచు, రోజూ చూస్తే వచ్చే ఏడు అదీ చెప్తుంది.